మధ్యాహ్నం అంకె

తడిగుడ్డతో నిన్నటి అంకెలు తుడిచేసి, పార్కు గేటు పక్కనున్న నల్లబోర్డు మీద ‘ఉదయం’ గడిలో ముప్పై ఒకటి వేశాడు అటెండరు. పొడవాటి మనిషి, వేళ్ల సందుల్లో ఎప్పుడూ సుద్దపొడి. అలవాటు చొప్పున చెయ్యి పక్కనున్న ‘మధ్యాహ్నం’ గడి మీదికి వెళ్లింది. అక్కడ మేకుకు ఒక టోపీ వేలాడుతోంది. దాన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

గాలిని కొలిచే మీటరు ఆఫీసు మేడమీద ఉంది. తొమ్మిదింటికోసారి, మధ్యాహ్నం రెండున్నరకోసారి ఇనుప మెట్లెక్కి, అంకె చూసొచ్చి బోర్డు మీద రాయడం అతని పని. యాభై లోపుంటే మంచి గాలి, నూరు దాటితే చెడ్డది. మొదట్లో రెండు పూటలా ఎక్కేవాడు. మోకాలు మొరాయించాక, మండుటెండలో కాలే కమ్మీలు పట్టుకుని ఎక్కడమెందుకని, పొద్దున్నే రెండు గడులూ నింపేయడం మొదలుపెట్టాడు. ఉదయం అంకెకు ఐదో ఆరో కలిపితే మధ్యాహ్నం అంకె. రెండేళ్లుగా అదే నడుస్తోంది. అడిగే నాథుడు లేడు. ఆకాశం అంత తేటగా ఉంటే గాలికేం రోగమనుకున్నాడు.

ఆ బోర్డును శ్రద్ధగా చదివేది ఒక్కరే, అతని అక్క మొగుడు. ముప్పై ఏళ్లు బస్సు తోలి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. డాక్టరు నడవమంటే, ఏ వేళ మంచిదని బావమరిదినే అడిగాడు.

“తెల్లారగట్ల చెత్త కాల్చిన పొగ బావా. మధ్యాహ్నం మూడింటికి నడవండి, బోర్డు చూసుకుని.”

వేసవంతా ఆయన మూడింటికే వచ్చి, అంకె పైకి చదివి, “మా బావమరిది సర్టిఫికెట్ ఇచ్చేశాడోయ్” అని తోటమాలికి చెప్పి మరీ నడిచాడు. రానురాను దగ్గు ఎక్కువైంది. నిండా పీలుద్దామంటే ఊపిరి సగంలోనే ఆగిపోతోందనేవాడు. అయినా పట్టుదలకు పోయి ఇంకో చుట్టు వేసేవాడు. నాలుగు రోజుల క్రితం బెంచీ దగ్గర కూలబడ్డాడు. ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాక, కిందపడ్డ టోపీని తోటమాలి తెచ్చి బోర్డు మేకుకు తగిలించాడు.

నిన్న డాక్టరమ్మ, అతని ఎదుటే, ఆయన ఏ వేళ నడుస్తాడని అక్కను అడిగింది. చెప్పగానే రాస్తున్న పెన్ను ఆపింది.

“బండ్ల పొగ ఎండకు ఉడికి ఓజోన్ అవుతుందమ్మా. కంటికి కనపడదు. మధ్యాహ్నాలే ఎక్కువ. ఎండకు చర్మం కమిలినట్టు లోపల గాలిగొట్టాలు కములుతాయి. అసలే పాడైన ఊపిరితిత్తులు. అచ్చంగా దానివల్లేనని చెప్పలేను గానీ, ఆ వేళ నడవకుండా ఉండాల్సింది. అక్కడ బోర్డేదో ఉండాలి కదా?”

“ఉందండీ. మా తమ్ముడే రాస్తాడు,” అంది అక్క. ఆ గొంతులో ఇంకా గర్వమే ఉంది.

ఇవాళ రెండున్నరకు అతను మేడ ఎక్కాడు. కమ్మీలు అరచేతులు కాల్చాయి. మీటరు నూట అరవై నాలుగు చూపిస్తోంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. అదే అంకె. పైన ఆకాశం ఎప్పటిలాగే తేటగా ఉంది.

కిందికి దిగి బోర్డు ముందు నిలబడ్డాడు. ఇది రాస్తే, ఇన్నాళ్లూ రాసినవేమిటని ఊళ్లో ఎవరూ అడగరు. అక్క అడుగుతుంది. సుద్దముక్క జేబులో వేసుకుని, గడి ఖాళీగానే వదిలేసి ఆస్పత్రికి బయల్దేరాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

మంచం మీద బావ ఆక్సిజన్ మాస్కు కొద్దిగా కిందికి లాగాడు.

“ఏరా బావమరిదీ, ఇవాళెంత?”

చెప్పేయాలి. దారి పొడుగునా ఆ ఒక్క మాటనే కూడగట్టుకుంటూ వచ్చాడు. మంచానికి అవతల అక్క కమలాపండు ఒలుస్తోంది.

“ముప్పై ఏడు బావా.”

“చూశావా,” అన్నాడాయన భార్యతో, మాటకూ మాటకూ మధ్య ఆయాసపడుతూ. “గాలి తప్పేం లేదు. నేనే బద్ధకించి... ఆలస్యంగా మొదలెట్టాను. లేచాక రెండు చుట్లు ఎక్కువ తిరగాలి.”

దుప్పటి సర్దే వంకతో అతను తల దించుకున్నాడు.

ఆ తరువాత అక్క తొన అందిస్తే బావ నోరు తెరవలేదు. ఆమె మరోసారి పిలిచింది. నర్సు వచ్చి, మణికట్టు పట్టుకుని చూసి, మంచం చుట్టూ తెర లాగింది.

“ఇంటికెళ్లి ఆయన చొక్కా ఒకటి పట్టుకురారా,” అంది అక్క, మిగిలిన తొనలు సంచిలో వేసి. “నువ్వొక్కడివే ఆయన్ని జాగ్రత్తగా చూసుకున్నావు.”

దారిలోనే పార్కు. ఇంకా పొద్దు వాలలేదు. అతను టోపీని పక్కకు జరిపి, గడి అంచులు దాటేంత పెద్దగా నూట అరవై నాలుగు రాశాడు. ఈ వేళప్పుడు ఆ అంకె ఎవరికీ పనికిరాదని అతనికి తెలుసు. చొక్కాతో పాటు ఈ మాట కూడా అక్క దగ్గరికి మోసుకెళ్లాలి. నాలుగడుగులు వేసి వెనక్కి చూశాడు.

టోపీ మళ్లీ గడి మీదికి జారి ఆడుతోంది, లోపలి అంచు చుట్టూ వేసవంతా ఎండిన చెమట తెల్లటి గీతగా కట్టి ఉంది.