నీలం రావాల్సిన పలక

తాయెత్తును కోటు చేతి లోపలికి తోసుకుని తారాదేవి గాజుపలక మీద మందు చుక్క వేసింది. సైన్స్ పార్కులోని ఆ ల్యాబులో ఏళ్ల తరబడి ఆమె పని ఇదే, గర్భసంచి లోపలి పొర ముక్కలకు రంగు పట్టించడం. పిండాన్ని అంటిపెట్టుకునే ప్రోటీను పొరలో ఉంటే గోధుమరంగు తేలుతుంది, లేకపోతే ఉత్త నీలం. నీలం తేలిన ఆడవాళ్లంతా తన చుట్టాలేనని ఆమె అనుకునేది.

ఈసారి పోల్చి చూడటానికి నీలం తేలే ముక్క ఒకటి కావాలని డాక్టర్ టాన్ అంటే, తనే ముందుకొచ్చింది.

"నాది తీసుకోండి మేడమ్. నాకు పిల్లల్లేరు."

తన లోపం మీద అంత నమ్మకం ఆ పిచ్చితల్లికి! ఆ తాయెత్తు కట్టింది అత్తగారే. తాముండే యీషున్‌లో తెలుగువాళ్ల సీమంతాలకు పులిహోర కలపడానికి తనే కావాలి, గాజులు తొడిగే వేళకు మాత్రం తనంతట తనే వంటింట్లోకి తప్పుకునేది. డాక్టరుకు చూపించుకుందామంటే భర్త శశికాంత్, "ఎందుకు తారా నలుగురిలో పడటం? నేను సర్దుకున్నానుగా," అనేవాడు. రెండువేల సంవత్సరానికి కంప్యూటర్లను సరిచేసే వైటూకే హడావిడిలో ఇంటికి రావడమే గగనమైన మనిషి, అంత మాట అన్నాడని ఆమె పొంగిపోయేది.

మైక్రోస్కోపులో తన ముక్కకు గోధుమరంగు కనిపించింది. పలకలు తారుమారయ్యాయేమోనని మళ్లీ చేసింది. మళ్లీ అదే.

డాక్టర్ టాన్ వంగి చూసి అక్కడి యాసలో అంది, "సో స్ట్రాంగ్ లా, తారా! యువర్స్ ఈజ్ ఫైన్."

వరండాలోకి వచ్చి భర్తకు ఫోన్ చేసింది.

"ఏమండీ, నా పొర బాగానే ఉందట. మీరూ ఒకసారి టెస్టు చేయించుకుంటే..."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది.

"చేయించుకున్నా తారా. పెళ్లైన ఏడాదే. లోపం నాదే. అమ్మ తట్టుకోలేదని చెప్పలేదు."

ఆమె ఫోన్ పెట్టేసింది. కోపం కూడా రాలేదు, అంతగా కొయ్యబారిపోయింది. ఇన్నేళ్లూ తనతో సర్దుకున్నానన్న మనిషి ఈయనేనా!

మిగిలిన పలకలకూ రంగు పట్టించి, బల్ల తుడిచి, యీషున్‌లోని ఇంటికి వెళ్లింది. నాలుగు చీరలు బ్యాగులో సర్దుకుంది. సెంబవాంగ్‌లో ఉండే స్నేహితురాలు రజితకు వస్తున్నానని ఫోన్ చేసింది. శశికాంత్ ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. తలుపు దగ్గరికి వెళ్లినదల్లా వెనక్కి వచ్చి, దండచేతి నుంచి తాయెత్తు తీసి అతని కంప్యూటర్ మీద పెట్టింది.

ఆమె రైలెక్కేసరికి కూడా ఆ తాయెత్తు నల్లతాడు చేతి చుట్టు వంపు విడవకుండా గుండ్రంగానే ఉంది.