తోక తెంపిన ఫైలు

మా టైపింగ్ సెంటర్ యూనివర్సిటీ గేటుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా ఈ పీహెచ్‌డీ వాళ్లను చూస్తున్నాను. అందరిదీ ఒకటే జబ్బు. ఏళ్ల తరబడి నాన్చి, ఆఖరి రోజు పొద్దున వచ్చి నా నెత్తిన పడతారు. అందుకే శివలీల అణ్ణిగేరి జూన్ ముప్పైన పదకొండింటికి, ఐదు బైండు పుస్తకాల సంచీ భుజాన వేసుకుని, చేతిలో పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చినప్పుడు నేను కుర్చీలోంచి కదల్లేదు.

"ఇవాళే ఆఖరా?" అన్నాను.

"ఇవాళేనక్కా. ఐదింటిలోపు ఇచ్చేయాలి. ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచారు. ఇవాళ దాటితే రిజిస్ట్రేషన్ రద్దు."

"ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా, గాడిదలు కాశారా?"

"గాడిదల్ని కాదక్కా, పిల్లల్ని," అని నవ్వింది.

ముండరగి దగ్గర సర్కారు హైస్కూల్లో సైన్సు చెబుతుందట. అక్కడ పిల్లల పళ్లు గోధుమరంగు చారలు కట్టి ఉంటాయి. బావి నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల అది. బడి అయ్యాక ఊరూరూ తిరిగి, నూట నలభై మూడు బావుల నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి పరీక్ష చేసి, ఆరేళ్లలో రాసిన పుస్తకం. గదగ్‌లో ఆమె మరిది తన కొత్త కంప్యూటర్‌లో టైపు చేసి, ప్రింటు తీసి, బైండు కూడా చేయించాడు. ఇక మిగిలింది పుస్తకాలతోపాటు ఇవ్వాల్సిన సీడీ ఒక్కటే.

యూనివర్సిటీవాళ్ల కంప్యూటర్లన్నీ పాతవి, వాటిలో ఉన్నది పాత వర్డ్. అందుకని సీడీలో ఫైలు కూడా పాత పద్ధతిలోనే ఉండాలి, పేరు చివర 'డాక్' అని ఉండాలి అని నోటీసు అంటించారు. మరిది చేసిన ఫైలు కొత్త వర్డ్‌ది. దాని పేరు చివర 'డాక్‌ఎక్స్' అని ఉంది.

"ఇంతేగా," అన్నాను. పేరు మీద నొక్కి, చివరి ఎక్స్ చెరిపేశాను. అలా మారిస్తే ఫైలు పనికిరాకుండా పోవచ్చు, మార్చమంటారా అని కంప్యూటర్ అడిగింది. ప్రతి చిన్నదానికీ బెదిరిపోవడం దాని అలవాటు. మార్చు అన్నాను. నా కొత్త కంప్యూటర్‌లో తెరిచి చూపించాను. మొదటి పేజీ నుంచి రెండు వందల పన్నెండో పేజీ దాకా చక్కగా తెరుచుకుంది.

"చూశారా? మీ మరిది బుర్ర బద్దలుకొట్టుకున్నా తెలిసేది కాదు," అని సీడీ చేసి చేతిలో పెట్టాను. ఆమె లైబ్రరీలో, లాబ్‌లో సంతకాలు పెట్టించుకోవడానికి పరిగెత్తింది.

నాలుగింటికి పావుగంట ముందు మళ్లీ వచ్చింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"తెరుచుకోలేదక్కా. ఫకీరప్పగారు తీసుకోనన్నారు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను చేసిన సీడీ తెరుచుకోకపోవడమా! సెంటర్ తలుపు దగ్గరికి లాగి ఆమెతోపాటు రోడ్డు దాటాను.

ఫకీరప్ప సంగళద థీసిస్ విభాగం గుమాస్తా. నిదానం మనిషి. ఆయన చెయ్యి కదిలేలోపు నేనైతే రెండు పేజీలు టైపు చేస్తాను.

"రా నీలక్కా, నీ ప్రతాపం చూడు," అంటూ తెర నావైపు తిప్పాడు.

తెర నిండా గళ్లు. గళ్ల మధ్యన అర్థంలేని అక్షరాలు, చుక్కలు, ప్రశ్న గుర్తులు. ఒక్క మాట కూడా చదవడానికి లేదు.

చూసిన క్షణమే నాకు తెలిసిపోయింది. కొత్త వర్డ్ తెలివైనది, పేరు చివర ఏముందో పట్టించుకోదు, లోపల చూసి తెరుస్తుంది. అందుకే నా దగ్గర తెరుచుకుంది. పాతదానికి ఆ తెలివి లేదు. నేను మార్చింది పేరును, ఫైలును కాదు. పద్ధతిగా పాత వర్డ్‌లోకి మార్చి దాచాల్సింది పోయి, తోక తెంపి చేతులు దులుపుకున్నాను. పోనీ, మూలనున్న నా పాత కంప్యూటర్‌లో ఒక్కసారి తెరిచి చూసినా సరిపోయేది.

అప్పుడే ఆ మాట చెప్పేస్తే అయిపోయేది. కానీ పక్క కిటికీల దగ్గర నిలబడ్డవాళ్లు చూస్తున్నారు. వాళ్లలో సగం మంది నా దగ్గర టైపు చేయించుకున్నవాళ్లే.

"నీ సీడీ పెట్టెలో దుమ్ము పేరుకుపోయింది ఫకీరప్పా. ఎప్పుడైనా తుడిచావా?" అన్నాను.

"పొద్దుట్నుంచి పదకొండు సీడీలు తెరిచా నీలక్కా, దీనితోనే."

"పన్నెండోది తెరవలేక అలిసిపోయిందేమో. ఆ పక్క కంప్యూటర్‌లో పెట్టి చూడు."

ఆయన సీడీని చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టాడు. పక్క కంప్యూటర్‌లో పెట్టాడు. మూడోదానిలో పెట్టాడు. ప్రతిదాంట్లోనూ అవే గళ్లు. ఇలా అరగంట పోయింది. గోడ గడియారం వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"అక్కా, నాదే తప్పేమో," అంది శివలీల సన్నగా. "పొద్దున బస్సులో పెన్‌డ్రైవ్ మీద నీళ్లు ఒలికాయి. తుడిచాను గానీ..."

"అయ్యుండొచ్చు," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

"నాలుగూ ఇరవై," అన్నాడు ఫకీరప్ప. "ఐదు కొట్టాక రిజిస్టర్‌లో కారణం రాసి మూసేయాలి టీచరమ్మా. త్వరగా ఏదో ఒకటి చేసుకోండి."

నేను సెంటర్‌కు పరుగున వచ్చి, ఈసారి పద్ధతిగా పాత వర్డ్‌లోకి మార్చి, కొత్త సీడీ చేశాను. నాలుగూ ముప్పై ఐదుకు మళ్లీ ఆయన ముందున్నాం. తెరుచుకుంది. శివలీల రెండు చేతులూ జోడించింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఫకీరప్ప మాత్రం బైండు పుస్తకం ఆఖరి పేజీ తీసి అంకె మీద వేలు పెట్టాడు. తర్వాత తెరమీద ఆఖరి పేజీకి వెళ్లాడు. అది ఆయన పద్ధతి, ఎవరికోసమూ మార్చుకోడు.

"పుస్తకంలో రెండు వందల పన్నెండు. ఇక్కడ రెండు వందల పంతొమ్మిది. నాలుగో అధ్యాయం పుస్తకంలో తొంభై ఏడో పేజీ, ఇక్కడ నూట ఒకటి. ఇది ఆ పుస్తకం కాదు నీలక్కా."

"ఒరే నాయనా, అదే పుస్తకం! ఒక్క అక్షరం కూడా మారలేదు!"

"పరీక్షకుడు తొంభై ఏడు తీస్తే తొంభై ఏడే రావాలి. రాకపోతే నా ఉద్యోగం మీదికొస్తుంది."

శివలీల ఏడవలేదు. అది చూసే నాకు భయమేసింది. పుస్తకాల సంచీని ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయింది. "బావులు కూడా సగం ఎండిపోయాయక్కా," అంది. "మళ్లీ చేద్దామన్నా ఆ నీళ్లు లేవు."

"లేవండి ముందు," అని చెయ్యి పట్టి లాగాను.

రోడ్డు దాటుతుండగా సంగతి తట్టింది. మరిది వాడిన అక్షరాల ఫాంటు కొత్త వర్డ్‌తో వచ్చింది. ఆఫీసు కంప్యూటర్లలో అది లేదు. లేకపోతే అవి తమ దగ్గరున్న ఫాంటుతో చూపిస్తాయి. ఆ అక్షరాలు కాస్త వెడల్పు. అందుకే పేజీలు పొంగాయి. ఫాంటును కూడా ఫైలు లోపలే దాచి పంపే వీలుంది. దానికోసం వెతికితే మెనూల అడుగున ఎక్కడో దొరికింది. దాచాను.

ఈసారి నా కొత్త కంప్యూటర్‌ను నమ్మలేదు. మూలనున్న పాతదాని మీద కప్పిన గుడ్డ తీసి పారేసి, మీట నొక్కాను. అది గురకపెడుతూ లేవడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఫైలు తెరిచాక కింద పేజీల లెక్క ఒక్కొక్కటే పెరిగింది. నలభై. తొంభై ఏడు. అక్కడ నాలుగో అధ్యాయం కనిపించింది. నూట అరవై. రెండు వందల పది. పదకొండు. పన్నెండు.

పన్నెండు దగ్గర ఆగింది. శివలీల నా భుజం గట్టిగా పట్టుకుంది.

సీడీ తయారయ్యేసరికి ఐదుకు రెండు నిమిషాలుంది. బయటికి వస్తే హుబ్బళ్ళి బస్సు గేటుకు అడ్డంగా ఆగి మనుషుల్ని దింపుతోంది. "తియ్యవయ్యా బండి!" అని డ్రైవరును తిట్టి, పక్కనుంచి దూరి పరిగెత్తాం. ఫకీరప్ప ముందుకు చేరేసరికి ఐదూ మూడు.

ఆయన సీడీ పెట్టాడు. ఆఖరి పేజీ చూశాడు. తొంభై ఏడు చూశాడు. తలూపాడు. తర్వాత రిజిస్టర్ ముందుకు లాక్కున్నాడు.

"సీడీ బాగుంది. కానీ ఐదు దాటింది. ఇక్కడ కారణం రాయాలి. ఆఫీసు యంత్రం పాడైనా, మా జాబితాలో ఉన్న టైపింగ్ సెంటర్ పొరపాటు చేసినా, ఇవాళ్టి తేదీతోనే తీసుకోవచ్చు. అభ్యర్థి తప్పయితే కుదరదు." పెన్ను మూత తీశాడు. "మా యంత్రాలు బాగానే ఉన్నాయి. మీరందరూ చూశారు."

"నా పెన్‌డ్రైవేనండీ," అంది శివలీల. "నా పేరే రాయండి. పాపం అక్క నాకోసం ఎంత తిరిగిందో చూశారుగా."

ఆ 'పాపం అక్క' అన్న మాటకు నేను బల్ల దగ్గరికి జరిగాను.

"నా పేరు రాయి ఫకీరప్పా," అన్నాను. "పెన్‌డ్రైవ్ నిక్షేపంగా ఉంది. ఫైలు మార్చకుండా పేరు మార్చి ఇచ్చాను. తప్పు నాది."

ఆయన పెన్ను ఆపాడు. "రాస్తే జాబితాలోంచి నీ సెంటర్ పోతుంది. గేటు ముందు కూర్చుని ఈగలు తోలుకోవాలి. తెలుసుగా?"

"జాబితా రాసినప్పట్నుంచీ ఉన్నాను, తెలీకపోవడమేంటి! రాయి."

రాశాడు. కింద నేను సంతకం పెట్టాను. జూన్ ముప్పై ముద్ర పడింది. ఐదు పుస్తకాలూ తీసుకుని, రసీదు చింపి శివలీల చేతికిచ్చాడు. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, పర్సులో పెట్టుకుంది. అప్పుడు నావైపు చూసింది.

"ఎప్పుడు తెలిసిందక్కా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను. "ఆయన తెర తిప్పినప్పుడే."

"మరి ఇంతసేపూ?"

వరండాలో ప్యూను కిటికీలు మూస్తున్నాడు.

"ఆ బెంచీ మీద కూర్చుని నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో తెలుసా అక్కా?" అంది. గొంతు పెంచలేదు. "ఆరేళ్లు కష్టపడి, ఒక్క పెన్‌డ్రైవ్ జాగ్రత్తగా తేలేకపోయానే అని. మా పిల్లలకి ఏం ముఖం చూపించాలా అని."

"తప్పయిపోయిందమ్మా," అన్నాను.

ఆమె ఖాళీ సంచీని మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఫకీరప్ప రిజిస్టర్ మూసి బీరువాలో పెట్టాడు. నేను ఆమె కూర్చున్న బెంచీ మీద కాసేపు కూర్చున్నాను.