సముద్రం అవతలి సవతి

అక్క వేళ్ళు కాలర్ చుట్టూ ఒకసారి తిరిగి, భుజం కుట్టు మీదుగా జారి, చేతి అంచు దగ్గర ఆగాయి. మేష్టారు చేతులు కొంచెం ఎడంగా పెట్టి, చిన్నపిల్లాడిలా కదలకుండా నిలబడ్డారు. కాలేజీకి వెళ్ళే ప్రతి ఉదయమూ ఇంతే. ఆయనకి యాభై దాటినా ఈ తనిఖీ తప్పలేదు. అక్క చొక్కా అడుగంచు తిప్పి చూసి, వీపు మీద అరచేత్తో ఒకటి చరిచింది.

"పాస్. ఇక పోరా."

చరుపులో మునుపటి జోరు లేదు. ఆ కాస్త పనికే ఆయాసం వచ్చి కిటికీ పక్కనున్న కుర్చీలో కూలబడింది. పంతొమ్మిదేళ్ళు రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల ముందు నిలబడి, కుట్టు తప్పిన చోటల్లా గుండుసూది గుచ్చిన మనిషి. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందనీ, ఇక మందులు మార్చి ప్రయోజనం లేదనీ, కనిపెట్టుకుని ఉండమనీ డాక్టరు మొన్ననే చెప్పాడు. అక్కకి చెప్పలేదు. చెప్పకపోయినా ఆమెకి తెలుసని మేష్టారికి తెలుసు.

"ఇవాళ కొత్త పిల్లలకి మొదటి క్లాసు కదూ?"

"అవునక్కా."

"నా సవతి గురించి చెప్తావా?"

"చెప్తాను."

"నాలుగు చీవాట్లు పెట్టు దాన్ని. నా పేరు చెప్పి పెట్టు."

ఇరవై రెండేళ్ళ కిందట ఒక సోమవారం ఉదయం అక్క పనికి వెళ్ళేసరికి ఫ్యాక్టరీ గేటుకి తాళం ఉంది. ఆ వారంలోనే మిషన్లు విప్పి, ఓడెక్కించి, కూలి చవకైన మరో దేశానికి తరలించారు. అక్కడ తన బల్ల ముందు ఇప్పుడు నిలబడేదెవరో అక్కకి తెలియదు. కానీ ఎవరో ఒక ఆడమనిషి నిలబడే ఉంటుంది కదా. ఆమెకే సవతి అని పేరు పెట్టింది. "మొగుడే లేకుండా సవతి వచ్చిపడింది చూడరా నాకు!" అని మొదట్లో పగలబడి నవ్వేది.

పోనుపోను ఆ నవ్వు పోయింది. సవతి మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. కొత్త చొక్కా కొంటే అక్క దాన్ని తిరగేసి, "ఇది దాని చెయ్యే" అనేది. మధ్యాహ్నం పూట కిటికీ దగ్గర ఒక్కతే కూర్చుని, "అక్కడ కాదే, అంచు దగ్గర చూడు" అని ఎవరికో చెప్తూ ఉండేది. మేష్టారు సెలవురోజున చదువుకుంటూ ఆ మాటలు విని తలెత్తేవారు. అక్క చూపు ఎదుటి ఖాళీ కుర్చీ మీద ఉండేది. ఆ కుర్చీలో కూర్చోవడం ఆయన ఎప్పుడో మానేశారు.

గేటుకి తాళం పడిన రోజున అక్క ఆయన్ని ఒకే ఒక్క మాట అడిగింది. "చదువుకున్నవాడివి కదా, చెప్పు. నేనెవర్ని తిట్టుకోవాలిరా?"

యజమాని కొనేవాళ్ళని చూపించాడు. కొనేవాళ్ళు ధరని చూపించారు. సర్కారు ఏదో ఒప్పందాన్ని చూపించింది. ఆ ప్రశ్న పట్టుకునే మేష్టారు పై చదువుకి వెళ్ళారు. అంతర్జాతీయ రాజకీయ అర్థశాస్త్రం అన్న మాట అక్కకి నోరు తిరిగేది కాదు. "అదేదో రైలు పేరంత పొడుగుంది" అనేది. ఆయన చదివారు, పాఠాలు చెప్పారు, జుట్టు నెరిసింది. అక్కకి మాత్రం జవాబు చెప్పలేదు. చెప్పబోయినప్పుడల్లా ఆ మాటలు ఆమె చేతుల ముందు వెలవెలబోయేవి. సవతిని తిట్టుకుంటే ప్రాణానికి హాయిగా ఉందేమో, ఉండనిద్దాం అనుకున్నారు.

కాలేజీ ఉన్నది ఆ ఫ్యాక్టరీ భవనంలోనే. ఖాళీ పడిన కట్టడాన్ని ఎవరో కొని, మధ్యలో గోడలు లేపి, బెంచీలు వేయించారు. రెండో అంతస్తులో మేష్టారి తరగతిగది. నేల మీద మిషన్లు బిగించిన మేకుల గుంటలు ఇప్పటికీ వరసలు వరసలుగా ఉన్నాయి. వాన పట్టిందంటే గచ్చులోంచి మిషన్ నూనె వాసన లేస్తుంది. వెలుతురు బాగా పడే ఉత్తరపు కిటికీ దగ్గర గచ్చు ఒకచోట అరిగి, రెండు పాదాలంత మేర నున్నగా ఉంటుంది. అక్క నిలబడిన చోటు అదేనని ఆయనకి తెలుసు. పాఠం చెబుతూ ఎంత ఉత్సాహంలో ఉన్నా ఆ చోట అడుగు పడనిచ్చేవారు కాదు. ఒక్కోసారి బోర్డు వైపు తిరిగి రాస్తున్నప్పుడు, వెనక నుంచి ఎవరో తన కాలర్ సరిచూస్తున్నట్టు మెడ జలదరించేది.

ఆ రోజూ వాన పట్టింది. నలభై మంది కొత్త పిల్లలు.

"మీ పక్కవాళ్ళ కాలర్ తిప్పి లేబుల్ చదవండి" అన్నారు మేష్టారు.

గది నిండా నవ్వులు, గిలిగింతలు. ఆయనకి కాలర్ మేష్టారు అని పేరు రావడానికి కారణం కొత్తవాళ్ళకి అప్పుడు తెలిసింది. పిల్లలు దేశాల పేర్లు చదువుతుంటే ఆయన బోర్డు మీద రాశారు. వాటి కింద మూడు ప్రశ్నలు రాశారు: ఎవరికి దక్కింది? ఎవరికి పోయింది? ఎవరు నిర్ణయించారు?

"ఈ ఏడాదంతా మనం చదివేది ఇదే. పేరు చూసి బెదిరిపోకండి. చొక్కా ధర ఎంత అనేది అర్థశాస్త్రం. ఎవరి మాట చెల్లితే ఆ ధర అంతయింది అని అడిగారా, రాజకీయం వచ్చేసినట్టే. ఆ చెల్లిన మాట సముద్రం అవతలిదైతే, అది మన సబ్జెక్టు."

"సార్, ఈ అమ్మాయి కోటుకి లేబుల్ లేదు!" అని చివరి బెంచీలోంచి ఎవరో అరిచారు.

పక్కనున్న అమ్మాయి లేచి నిలబడింది. స్కాలర్‌షిప్ మీద బయటి దేశం నుంచి వచ్చిన పిల్ల. రెండేళ్ళుగా ఇక్కడే ఉండి భాష నేర్చుకుంది. ఒక్కో మాటా ఏరుకుంటూ మాట్లాడింది.

"తప్పు పడిన కోటు సార్. లేబుల్ కత్తిరించేసి పనివాళ్ళకి ఇస్తారు. మా అమ్మ తెచ్చింది."

"మీ అమ్మగారు ఫ్యాక్టరీలోనా? ఏం పని?"

"తనిఖీ బల్ల దగ్గర. ఇప్పుడు ఆ పని లేదు సార్. మూడేళ్ళ కిందట ఫ్యాక్టరీ ఇంకో దేశానికి వెళ్ళిపోయింది. అక్కడ ఇంకా చవకట."

మేష్టారు ఆమె దేశం అడిగారు. చెప్పింది. అక్క ఫ్యాక్టరీ మిషన్లు ఓడ దిగిన దేశం.

ఆ అమ్మాయి బోర్డు వైపు చూసింది. "ఆ మూడో ప్రశ్న మా అమ్మ కూడా అడుగుతుంది సార్. ఎవర్ని తిట్టాలి, చెప్పు అంటుంది."

నూనె వాసన గుప్పుమంది. మేష్టారు కిందికి చూసుకునేసరికి రెండు పాదాలూ ఆ అరిగిన గచ్చు మీద ఉన్నాయి.

క్లాసు అయ్యాక ఆ అమ్మాయిని ఆపారు. "ఒకసారి మా ఇంటికి రాగలవా, అమ్మా? మా అక్క నిన్ను చూడాలి" అన్నారు. ఎందుకో దారిలో చెప్పారు.

వాళ్ళు వెళ్ళేసరికి మూడు దాటింది. మేష్టారు సంగతంతా చెబుతుంటే అక్క ఆ పిల్ల ముఖం వైపు చూడలేదు. కోటునే చూస్తూ ఉంది.

"ఇలా రా. తప్పు పడిందన్నావా? ఎవరు పట్టుకున్నారు?"

"మా అమ్మే."

"ఎక్కడో చెప్పకు. నేను చూస్తాను."

కోటు విప్పించి ఒళ్ళో వేసుకుంది. కళ్ళు మూసుకుంది. వేళ్ళు కాలర్ నుంచి భుజానికి, భుజం నుంచి చంకకి, అక్కడి నుంచి జేబులకి నడిచాయి. కుడిచేతి అంచు దగ్గర వేళ్ళు ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చాయి.

"ఇదిగో. లోపలి గుడ్డకి ఒక్క కుట్టు తప్పింది. అవునా?"

ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "అక్కడే."

"ఇది నేనూ వదిలేదాన్ని కాదు" అంది అక్క, గొంతు తగ్గించి. "మంచి చెయ్యి మీ అమ్మది."

ఇరవై రెండేళ్ళలో సవతి గురించి ఆ నోటి వెంట వచ్చిన మొదటి మంచిమాట అది.

"మిమ్మల్ని ఏమని పిలవాలి?" అని అడిగింది అమ్మాయి.

"మీ అమ్మకి సవతినే తల్లీ నేను. అంటే నీకు పెద్దమ్మని."

ఆ పిల్లకి అర్థం కాలేదు. మేష్టారు విడమరిచి చెప్పాక నవ్వింది. అక్క కూడా నవ్వబోయింది, దగ్గు అడ్డం వచ్చింది. తెరిపిన పడ్డాక ఆమే అడిగింది:

"మీ అమ్మకి కాళ్ళు వాస్తాయా?"

"సాయంత్రం బకెట్లో పెట్టుకుని కూర్చుంటుంది."

"దగ్గు?"

"ఉంది పెద్దమ్మా."

అక్క కోటుని ఒళ్ళో దగ్గరికి లాక్కుంది. "కోటు ఉంచి వెళ్ళు. కుట్టి పెడతాను. రేపు మా వాడు తెస్తాడు" అంది. ఆ అమ్మాయి మేష్టారి గొడుగు తీసుకుని వెళ్ళింది.

వాన కొంచెం తగ్గింది. అక్క చాలాసేపు ఎదుటి కుర్చీ వైపు చూసింది. అందులో ఎవరూ లేరన్న సంగతి అప్పుడే తెలిసినట్టు చూసింది.

"ఉట్టి పుణ్యానికి తిట్టానురా దాన్ని ఇన్నేళ్ళూ."

మేష్టారు జల్లు పడకుండా కిటికీ రెక్క ఒకటి ఓరగా వేశారు.

"మరి ఇప్పుడు ఎవర్ని తిట్టుకోమంటావు? చెప్పరా. ఊళ్ళో పిల్లలందరికీ చెప్తావు, నాకెప్పుడూ చెప్పలేదు."

"చెప్తానక్కా. టీ పెట్టి వచ్చి చెప్తాను."

"అక్కణ్ణించే చెప్పు. వినపడుతుందిలే."

వంటగది నాలుగడుగుల దూరం. మేష్టారు స్టవ్ వెలిగించి, గిన్నె పెట్టి, ఇవతలికి వీపు చేసి మొదలుపెట్టారు. ఒక చొక్కా నుంచి మొదలుపెట్టారు. కొనేవాడు ధర ఎలా చెప్తాడో, ఆ ధరకి కుట్టలేనివాడి ఆర్డరు ఎలా సరిహద్దు దాటిపోతుందో చెప్పారు. ఏ దేశం ఎన్ని చొక్కాలు పంపాలన్నది ఎక్కడో ఒక బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు ఎలా తేల్చారో, ఆ లెక్క ఎత్తేసిన రోజున ఇక్కడ తాళం ఎందుకు పడిందో చెప్పారు. ఆ బల్ల దగ్గర అక్కకి గానీ, సముద్రం అవతలి ఆవిడకి గానీ కుర్చీ వెయ్యలేదని చెప్పారు. మాటలు ఇంత తేలిగ్గా వస్తాయని ఆయన అనుకోలేదు. పుస్తకాల వాసన లేదు. తరగతిలో ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. టీ పొంగింది, దించారు, వడకట్టారు.

"తప్పు ఒకళ్ళది కాదని తప్పించుకోవడం లేదక్కా. పేర్లున్నాయి. అందరి పేర్లూ చెప్తాను" అంటూ రెండు గ్లాసులూ పట్టుకుని వచ్చారు.

అక్క తల కిటికీ చట్రానికి ఆనించి ఉంది. పెదవులు కొంచెం విడివడి, ఏదో అడగబోయి ఆగినట్టు ఉన్నాయి. ఛాతీ కదలడం లేదు. మేష్టారు గ్లాసులతో అలాగే నిలబడి, మొదటి పేరు చెప్పారు. రెండోది చెప్పారు. అన్నీ చెప్పాకే గ్లాసులు కింద పెట్టి, ఎదుటి కుర్చీ దగ్గరికి లాక్కుని, చాలా ఏళ్ళ తర్వాత అందులో కూర్చున్నారు.

అక్క ఒళ్ళో కోటు పరిచి ఉంది. దాని కుడిచేతి అంచున, కుట్టు తప్పిన చోట, ఒక గుండుసూది గుచ్చి ఉంది.