ఈ రాత్రి అన్నం ఎవరు వండుతరు?

నా బిడ్డ శ్రీలతకు అత్తగారింట్లో మనిషి లేరు. ఆ ఇంట్లో ఆమె కాక నలుగురున్నారు. అయినా మనిషి లేరు. దీనిమీద వాదన అక్కర్లేదు.

శ్రీలత పటాన్‌చెరులో ఒక చిన్న ఆపరేషన్ల సెంటర్‌లో సిస్టర్. పొద్దున కోసి సాయంత్రం ఇంటికి పంపే చోటు అది. రాత్రి కనిపెట్టుకొని ఉండే పని ఇంటివాళ్లది. అందుకే ముందుగా, చూసుకునే మనిషి ఉన్నారా అని అడగాలి. అందరూ ఉన్నారనే అంటారు. బొంతపల్లి మొగులమ్మ కూడా అన్నది. ఇంటికి పోయి, చుట్టాలకు వండి, అన్నం గుండిగ ఎత్తింది. కుట్లు తెగి మర్నాడే తిరిగొచ్చింది. అప్పుడు శ్రీలత ప్రశ్న మార్చింది: "ఈ రాత్రి అన్నం ఎవరు వండుతరు?" పేషెంట్ మగవాడైతే జవాబు వెంటనే వస్తుంది. ఆడదైతే వెంట వచ్చినవాళ్లు ఆమె మొహం చూస్తారు. అట్లా చూశారంటే ఆపరేషన్ ఆ రోజుకు ఆగుతుంది.

ఇప్పుడు శ్రీలతకే బొడ్డు దగ్గర హెర్నియా వచ్చింది. అక్కడే చేయించుకుంటానంది.

ఆ పొద్దున తను చుక్క నీళ్లు తాగకూడదు. అందరికీ చాయ్ పెట్టింది, టిఫిన్ చేసింది, కూర వండి మూత పెట్టి వచ్చింది. ఆపరేషన్ గౌను తొడుక్కొని మంచం మీద పడుకున్నా కాళ్లు ఊరుకోలేదని తర్వాత నాకు చెప్పింది. పాలు తోడు వేశానా, మోటారు ఆపానా, మామ కంటి మందు చేతికి అందేలా పెట్టానా. ఎంతమందిని ఇదే మంచం మీద "కదలకమ్మా, ఊరికే పండుకో" అని కసురుకుంది! ఒక్క ఆడమనిషీ ఊరికే పడుకోలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. పెళ్లయిన కొత్తలో అత్త కౌసల్యమ్మ అన్నది గుర్తొచ్చింది: "నర్సు కోడలైతే మంచిగనే. దవాఖాన పని ఇంట్లనే అయితది." అప్పుడది మెచ్చుకోలు అనుకుంది. డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు నొప్పులంటే భర్త శ్రావణ్‌కుమార్ నవ్వేవాడు: "ఏసీల ఉండే పనే గద నీది." ఆ ఇంట్లో పగటిపూట నడుం వాల్చిన రోజు ఏదని వెతికితే ఒక్కటీ దొరకలేదట.

రవళి వచ్చి నిలబడింది. శ్రీలత దగ్గరే పని నేర్చుకున్న పిల్ల.

"అక్కా, నిన్ను గూడ అడగాలె. ఏమనుకోకు."

"అడుగు."

"ఈ రాత్రి అన్నం ఎవరు వండుతరు?"

శ్రావణ్ ఫోన్లోంచి తలెత్తి శ్రీలత మొహం చూశాడు. కౌసల్యమ్మా చూసింది.

"గిదేం సవాల్ పిల్లా? కూర పొద్దుగాలనే చేసొచ్చింది. ఒక్క అన్నమే గద. జెర సేపు నిలవడితే అయిపోతది."

"ఎవరు నిలవడాలె పెద్దమ్మా?"

"ఇంట్ల గింతమందిమి ఉన్నం. ఉన్నరని రాస్కో," అన్నాడు శ్రావణ్. "సిస్టరమ్మకు తెల్వదా ఏంది?"

రవళి శ్రీలత వైపు తిరిగింది. అవునంటే ఆపరేషన్ అవుతుంది, సాయంత్రం పోయి పొయ్యి ముందు నిలబడుతుంది. కాదంటే తన చేతికింది పిల్ల ముందే పరువు పోతుంది.

"రాస్కో రవళీ. ఆ ఇంట్ల నాకు మనిషి లేరు."

తలుపు దగ్గర బల్ల మీద ఉన్న నన్ను చూసింది. "నాయినా, నువ్వు వండుతవా?"

భార్య పోయినప్పటినుంచి బీరంగూడలో కిరాయి గదిలో నేనే వండుకుంటున్నాను. తలూపాను.

"ఇజ్జత్ తీస్తివి గదనే!" అంది కౌసల్యమ్మ.

శ్రావణ్ మాత్రం గొంతు తగ్గించి అన్నాడు: "కుట్లు మానంగనే జల్దీ రా. ఇంట్ల పరేషాన్ అయితది."

కుట్లు మానాయి. నా గది నుంచే డ్యూటీకి పోతోంది. నా అన్నం జావ అవుతుంది, తింటుంది. తిరిగి పోనని మాత్రం చెప్పింది. ఎందుకని నేను అడగలేదు.

బిడ్డకు ఏం నూరిపోశావని నన్ను అడగడానికి ఆ ఇంటివాళ్లు పెద్దమనుషులను వెంటేసుకొని వస్తారట. రానీ. చాయ్ నేనే పెడతాను. జవాబు ఇదిగో, రాసేశాను. ఈ సంగతి ఇక నా నోట రాదు.