మందుషాపు ముందు కాపలా

మందుషాపు ఎదురుగా నేనూ, మా ఆయన అక్క అయిన మా వదినా నిలబడ్డాం. బడి పిల్లలకు సీసాలు అమ్మనివ్వకూడదని మా వీధి ఆడవాళ్లం వంతులేసుకుని కాపలా కాస్తున్నాం. మా నోటికి జడిసి షాపువాడు మీసం సరిగా రానివాళ్లనల్లా వెనక్కి తరిమేస్తున్నాడు.

"చూశావా, పీడ విరగడైంది," అంది వదిన.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. విరగడైతే బడి వెనక గోడ దగ్గర రోజూ ఖాళీ సీసాలు ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు?

అంతలో మా ఆయన షాపులోంచి సంచీతో బయటికొచ్చారు. "మా మేనేజర్ తెమ్మన్నాడు," అని నవ్వి, ఆఫీసు వైపు కాకుండా బడి వైపు తిరిగారు. నాకు ఒళ్లు మండి వెనకే వెళ్లాను. గోడ పక్కన ముగ్గురు పిల్లలు, ఒంటిమీద యూనిఫారాలైనా మార్చలేదు. ఆయన సంచీ వాళ్ల చేతికిస్తున్నారు.

"ఏం చేస్తున్నారు మీరు?"

"అరవకే! షాపువాడు ఇవ్వట్లేదట. పాపం, బతిమాలితే కాదనలేకపోయా."

సంచీ లాక్కుని గబగబా వెనక్కి వచ్చాను.

వదిన దూరం నుంచే కేకేసింది: "ఏమైందే? పిల్లలెవరైనా కొన్నారా?"

"లేదు వదినా. మీ తమ్ముడు కొన్నాడు."