చెవులున్న దరుమ

శనివారం పదయ్యేసరికి ఉమామహేశ్వరి కత్తెర, జిగురు సీసా, రంగు కాగితాలు సంచిలో వేసుకుని కింద కమ్యూనిటీ రూమ్‌కి వెళ్లిపోయేది. అమెరికాలో, పార్సిప్పనీలోని ఆ అపార్ట్‌మెంట్లకి వచ్చి పన్నెండేళ్లయింది. భర్త వీసా మీద వచ్చిన మనిషి. ఉద్యోగం చేసే అనుమతి లేదు, కారు నడపడం రాదు. ఆ గదిలో పిల్లలకి కాగితం బొమ్మలు నేర్పే రెండు గంటల కోసమే ఆమె వారమంతా గడిపేది.

ఆ గదిని మూసేసి స్టోరేజ్‌కి అద్దెకిస్తామని మేనేజ్‌మెంట్ నోటీసు అంటించింది. అద్దెకున్నవాళ్లలో నలభైమంది సంతకాలు పెడితే ఆగాలని లీజులోనే ఉంది. గడువు వచ్చే శనివారం మధ్యాహ్నం. అక్కడే ఉంటూ ఎం.ఎస్. చదువుతున్న రాగిణి పిటిషన్ పట్టుకుని మెట్లన్నీ ఎక్కి దిగింది. "హక్కులు ఎవరూ ఇవ్వరు, తీసుకోవాలి" అని ప్రతి గుమ్మం దగ్గరా చెప్పింది. మూడు సంతకాలొచ్చాయి. అందులో ఒకటి తనదే, ఇంకోటి ఉమామహేశ్వరిది.

"వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉందమ్మా," అన్నాడు ఉమామహేశ్వరి భర్త చక్రపాణి. "ఇప్పుడు నా పేరు ఎక్కడా కనపడకూడదు."

"గదికీ వీసాకీ ఏం సంబంధం అంకుల్?"

"ఏమీ లేదు. భయానికి సంబంధం అక్కర్లేదు కదా."

రాగిణికి ఒళ్లు మండింది.

గడువుకి వారం ముందు, శనివారం క్లాసులో దరుమ చేశారు. జపాన్ వాళ్ల అదృష్టపు బొమ్మ; కాళ్లూ చేతులూ లేని ఎర్రటి గుండ్రాయి లాంటిది, పడదోసినా లేచి కూర్చుంటుంది. కోరిక కోరుకుని ఒక కన్ను దిద్దుతారు, తీరాక రెండోది. ప్రింట్ తీసిన ముక్కలు కత్తిరించి, అంచులు మడిచి అతికించి, అడుగున గులకరాయి పెట్టారు. ఉమామహేశ్వరి కాటుకతో ఒక కన్ను దిద్ది, రెండు చెవులు కత్తిరించింది.

"దరుమకి చెవులుండవు ఆంటీ," అంది పిల్లలకి సాయం చేస్తున్న రాగిణి.

"చెవుల్లేకపోతే ఎలా వింటాడే? గుళ్లో నంది చెవిలో చెప్పుకోమూ?"

చెవులు అతికించి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక చెవిలో ఏదో చెప్పింది. దరుమ ఒక అంగుళం పెరిగాడు.

"ముట్టుకోకండి, జిగురింకా ఆరలేదు," అంది పిల్లలతో.

పిల్లలు ఇళ్లకెళ్లి చెప్పినట్టున్నారు, మర్నాటినుంచి జనం రావడం మొదలుపెట్టారు. ఆఫీసు బ్యాగులు భుజానే ఉంచుకుని వచ్చి, చెవిలో చెప్పి పోయేవాళ్లు. సోమవారానికి దరుమ బల్ల మీద పట్టక కిందికి దిగాడు. బుధవారం చెవి అందడానికి స్టూలు తెచ్చారు. గురువారం చక్రపాణి నిచ్చెన తెచ్చుకున్నాడు.

"మీటింగ్‌కి రమ్మంటే ఒక్కరు రాలేదు. కాగితం చెవికి మాత్రం క్యూ కట్టారు," అంది రాగిణి.

"దానికి పేరు చెప్పక్కర్లేదుగా," అన్నాడు చక్రపాణి నిచ్చెన దిగుతూ.

శనివారం పొద్దున్నే మేనేజర్ గదికి తాళం వెయ్యడానికి వచ్చి, మేకుకున్న తాళంచెవి తీసుకున్నాడు. దరుమ తల సీలింగ్‌కి తగులుతోంది. మేనేజర్ భుజం పెట్టి తోశాడు. దరుమ ఒరిగి, లేచి కూర్చున్నాడు. మేనేజర్ టేపుతో తలుపు కొలిచి చూసుకున్నాడు; బొమ్మ పట్టదు.

"మధ్యాహ్నానికి గది ఖాళీ కావాలి. లేదంటే బొమ్మని కోయించేస్తాను."

ఉమామహేశ్వరి గదిలో చేరిన వాళ్లవైపు తిరిగింది. "చెవిలో చెప్పింది బయటికి చెప్పేస్తే తగ్గుతాడేమో," అంది.

అందరూ నేల చూపులు చూశారు. చక్రపాణి గొంతు సవరించుకున్నాడు.

"నేను... ఈ గది పోకూడదన్నాను. మా ఆవిడకి ఆ శనివారాలు పోకూడదని."

ఉమామహేశ్వరి తలెత్తి ఆయన్ని చూసింది. దరుమ అంగుళం తగ్గాడు.

రాగిణి నోటిదాకా ఒక నినాదం వచ్చింది. మింగేసి, పిటిషన్ తీసి ఆయన ముందు పెట్టింది. "రాసిస్తే ఇంకాస్త తగ్గుతాడేమో అంకుల్."

ఆయన సంతకం పెట్టాడు. దరుమ తగ్గాడు.

"నేనూ అదే అడిగా," అన్నారు వెనకెవరో. ఆ వెనకావిడా అదే. విడివిడిగా గుసగుసలాడిన వాళ్లందరూ అడిగింది ఒక్కటే. పన్నెండు కొట్టేసరికి దరుమ అరచేతిలోకి వచ్చేశాడు, కాగితం మీద అరవై రెండు సంతకాలున్నాయి. మేనేజర్ రెండుసార్లు లెక్కపెట్టి, తాళంచెవి మళ్లీ మేకుకి తగిలించి వెళ్లిపోయాడు.

ఉమామహేశ్వరి కాటుక తీసి రెండో కన్ను దిద్దింది. వెంటనే వంగి చెవిలో ఏదో చెప్పింది. దరుమ అంగుళం పెరిగాడు.

"మళ్లీ ఏం అడిగారు ఆంటీ?"

"ఆదివారం కూడా."

రాగిణి సంచిలోంచి తెల్లకాగితం తీసింది. చక్రపాణి జేబులో పెన్ను కోసం వెతుక్కుంటున్నాడు.