ఎర్రకలం పెట్టిన ఉచ్చు

ఆఫీసులో అందరూ ఆయన్ని ఎర్రకలం అంటారు. ముప్ఫై ఏళ్లుగా పత్రిక డెస్కులో కూర్చుని ఊరందరి తప్పులూ దిద్దిన మనిషి. ఆయన చెయ్యి దాటిన వార్తకు ఇంతవరకు సవరణ వేయాల్సిన పని పడలేదు. ఆ పేరొక్కటే ఆయన ఆస్తి.

అలాంటి చోట ఫోన్లో చూసే వార్తల చానెల్ పెట్టాలని యజమానికి బుద్ధి పుట్టి, ఎర్రకలం మేనకోడలినే తెచ్చి ఎదురు బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ పిల్ల రోజూ సాయంత్రం ఫోన్ ముందు నిలబడి రేపటి వార్తలు నాలుగు చెప్పేస్తుంది. డెస్కు ఫైలు తెరిచి, ఉన్నదున్నట్టు చదివేస్తోందని ఆయన అనుమానం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి డెస్కు అనుభవం లేదు కదా అనుకున్నాడు ఎర్రకలం. ఆమె ఇటు అడుగేస్తే చాలు, స్క్రీన్ ఆర్పేసేవాడు.

ఆ రోజు పైపు పగిలి వీధికి నీళ్లు ఆగిపోయాయి. మర్నాడు పదింటికి ట్యాంకరు వస్తుందన్న వార్తలో ఆయన ఫైల్లో కావాలనే పదిని ఆరు చేశాడు. ఆమె ఆరని చదివిందా, యజమానికి చూపించి చానెల్ మూయించడమే. అచ్చుకు వెళ్లేలోపు దిద్దాలి కాబట్టి, ప్రింటు తీసి ఎర్రసిరాతో పది వేసి, పాత అలవాటు కొద్దీ ప్రెస్సుకు వెళ్లే ట్రేలో పడేశాడు. ఆ ట్రే ముట్టుకునే దిక్కులేక రెండు నెలలైంది. పేజీలిప్పుడు ఫైల్లోంచే పోతున్నాయి. ఆ నోటీసు ఆయనకూ ఇచ్చారు, చదివితేగా.

సాయంత్రం మేనకోడలు పదింటికనే చెప్పింది. ఆయనకు నిరాశ కలిగింది, ఆ వెంటనే కొత్త అనుమానం పుట్టింది. ఈమెకు ఎవరు ఉప్పందించారు?

పొద్దున్నే ట్యాంకరేదని ఫోన్ల మీద ఫోన్లు. ఆయన పరుగున ఆ వీధికి వెళ్లేసరికి ఎనిమిదైంది. పత్రిక నమ్మిన వాళ్లు ఆరింటినుంచీ బిందెలతో నిలబడి ఉన్నారు. ఒక ముసలావిడ ఓపిక చాలక బిందె బోర్లించి దానిమీదే కూర్చుంది. ఆయనకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. మేనకోడలు అప్పటికే అక్కడుంది.

"ఫైల్లో ఆరు చూశాను మామయ్యా. ఫోన్ చేసి అడగందే నేను ఏ వార్తా చదవను. ట్యాంకరు డ్రైవరు పదన్నాడు. మీకు చెబుదామని రెండుసార్లొచ్చాను. మీరు స్క్రీన్ ఆర్పేశారు."

పత్రికలో సవరణ రేపటికి గానీ రాదు, చానెల్లో ఇప్పుడే చెప్పేయొచ్చు, అచ్చుతప్పని ఒక్క ముక్క అంటే సరిపోతుందని ఆమె నచ్చజెప్పింది. వీడియో తీయడానికి ఫోన్ ఎత్తి పట్టుకుంది.

"అచ్చుతప్పు కాదు. నేనే రాశాను," అన్నాడాయన.

మామయ్య పరువు పోతుందని ఆమె గబుక్కున ఫోన్ దించబోయింది.

"దించకమ్మా. ఈ పిల్లను దొంగని రుజువు చేద్దామని రాశాను. అది కూడా చానెల్లో వెళ్లాలి."